లూయిసా ఆల్కాట్ జమాఖర్చులు

పద్దెనిమిదేళ్ల పిల్ల. చదువూ సంస్కారం ఉన్న ఇంటి బిడ్డ. బాస్టన్ దగ్గర డెడమ్ అనే ఊళ్లో ఒక ఇంటికి పనికి కుదిరింది. ఇంట్లో ఒకావిడకు ఒంట్లో బాగుండదు, ఆమెకు తోడుగా ఉంటే చాలు, పని తేలికే అని చెప్పి పిలిపించారు. తీరా వెళ్లాక పొయ్యి బూడిద జల్లించడం, మంచు తవ్వి దారి చేయడం, బావి నుంచి నీళ్లు మోయడం, పొయ్యిలోకి పుల్లలు చీల్చడం అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. చివరికి ఇంటాయన తన బూట్లకు కూడా రంగు పూయమన్నప్పుడు ఎదురుతిరిగింది. మొత్తం ఏడు వారాలు చేసి బయటపడింది. దారిలో వాళ్లిచ్చిన పర్సు విప్పి చూసుకుంటే అందులో నాలుగు డాలర్లున్నాయి.

అది 1851. ఆ పిల్ల లూయిసా మే ఆల్కాట్. పదిహేడేళ్ల తర్వాత ఆమె రాసిన, నలుగురు అక్కచెల్లెళ్ల కథ 'లిటిల్ విమెన్' నవల నూట యాభై ఏళ్లు దాటినా అచ్చు ఆగకుండా నడుస్తోంది. సినిమాగా ఎన్నోసార్లు వచ్చింది. 2019లో వచ్చిన సినిమా చూసి పుస్తకం వెతుక్కున్న తెలుగు కుర్రకారు కూడా చాలామందే ఉన్నారు. (మనలో 'ఆల్కాట్' అనగానే దివ్యజ్ఞాన సమాజపు కర్నల్ ఆల్కాట్ గుర్తొచ్చేవాళ్లుంటారు. ఆయన వేరు, ఇంగ్లిష్‌లో ఆ పేరు రాసే అక్షరాలూ వేరు. ఇద్దరూ 1832లోనే పుట్టారన్నది మాత్రం నిజం.)

ఆమె గురించి ఇప్పుడు రెండు కథలు చలామణిలో ఉన్నాయి. మొదటిది పాతది: పిల్లలకు నీతి, ప్రేమ, ఇంటి విలువ నేర్పిన చల్లని పెద్దమ్మ. రెండోది ఈ యాభై ఏళ్లలో వచ్చింది: లోపలంతా నిప్పులాంటి మనిషి, పొట్టకూటి కోసం ఇష్టంలేని పిల్లల పుస్తకాలు రాసింది, అసలు ప్రతిభంతా మారుపేరుతో రాసిన కథల్లో దాక్కుంది. రెంటికీ ఆధారాలున్నాయి. రెండూ నాకు చాలవు. ఆమె ఏ ఏడాది ఎంత వచ్చిందో, ఎవరి కోసం ఎంత పోయిందో రాసి పెట్టుకునేది. డైరీల పక్కన ఆ లెక్కలు పెట్టుకుని చదివితే మూడో మనిషి కనిపిస్తుంది. ఆ మనిషికి కళ ఒకవైపు, డబ్బు ఒకవైపు అని విడదీసుకునే వీలు ఏనాడూ లేదు. ఆ రెంటి ముడి విప్పకుండా ఆమె నవలలు గానీ, 'లిటిల్ విమెన్' నాయిక జోకు ఆమె చేసిన పెళ్లి గానీ అర్థం కావు.

తండ్రి తత్వం, తల్లి రెక్కలు

తండ్రి ఆమోస్ బ్రాన్సన్ ఆల్కాట్ కనెటికట్‌లో రైతు బిడ్డ. కుర్రతనంలో దక్షిణాది రాష్ట్రాల్లో తిరుగుతూ చిల్లర సామాన్లు అమ్మాడు. పెద్ద చదువులు లేకపోయినా తనంతట తాను చదువుకుని పంతులయ్యాడు. 1834లో బాస్టన్‌లో 'టెంపుల్ స్కూల్' పెట్టాడు. పిల్లల్ని కొట్టకూడదు, బట్టీ పట్టించకూడదు, ప్రశ్నలడిగి వాళ్ల లోపలున్న ఆలోచనను పైకి తీయాలి అన్నది ఆయన పద్ధతి. ఇవాళ మనకు ఎంతో మంచిగా వినిపించే మాట ఇది. కానీ ఆయన బైబిల్ సువార్తల మీద పిల్లలతో జరిపిన సంభాషణల్ని అచ్చు వేసేసరికి, అందులో పుట్టుక ప్రస్తావన ఉందని ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. ఆ తర్వాత ఆయన బడిలో ఒక నల్లజాతి అమ్మాయిని చేర్చుకుంటే మిగిలిన తల్లిదండ్రులు ఆ పిల్లను తీసేయమన్నారు. ఆయన తీయలేదు. 1839లో బడే మూతపడింది.

ఆయన్ని చిన్నచూపు చూడటం నాకు ఇష్టం లేదు. నమ్మినదాని కోసం నిజంగా నష్టపోయిన మనిషి. అయితే ఆ నష్టానికి వెల ఎవరు కట్టారన్నదే ప్రశ్న. 1843లో, లూయిసాకు పదేళ్లప్పుడు, మిత్రుడు చార్లెస్ లేన్‌తో కలిసి మసాచుసెట్స్‌లోనే 'ఫ్రూట్‌లాండ్స్' అనే ఆదర్శ వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టాడు. అక్కడ మాంసం, పాలు, గుడ్లు నిషిద్ధం. బానిసలు పండించింది కాబట్టి పత్తి బట్ట కట్టకూడదు. గొర్రెకు చెందింది కాబట్టి ఉన్ని తొడగకూడదు. పశువులతో దున్నించకూడదు. న్యూ ఇంగ్లండ్ చలికి నార బట్టలు మిగిలాయి. కోతల సమయానికి మగవాళ్లు ఉపన్యాసాలకు ఊళ్లు పట్టుకుపోయారు. గాలివాన ముంచుకొస్తుంటే బార్లీ పంటను తల్లి అబిగెయిల్, పిల్లలు కలిసి లోపలికి చేర్చుకున్నారు. 1844 జనవరికి ఆ ప్రయోగం ముగిసింది.

ముప్ఫై ఏళ్ల తర్వాత లూయిసా దాన్ని కథగా రాసింది. అందులో వచ్చిన అతిథి 'ఇక్కడ బరువులు మోసే పశువులేమైనా ఉన్నాయా?' అని అడుగుతాడు. ఇల్లాలు 'ఒకే ఒక ఆడది ఉంది' అంటుంది. ఆ ఒక్క వాక్యంలో తల్లి పట్ల ప్రేమ ఉంది, తండ్రి మీద కోపం ఉంది, ఇద్దర్నీ చూసి నవ్వగలిగిన రచయిత్రీ ఉంది.

ఆ తర్వాత బతుకంతా ఒక అద్దింటి నుంచి ఇంకో అద్దింటికి. తల్లి బాస్టన్‌లో పేదల మధ్య జీతానికి పనిచేసింది, పనిమనుషుల్ని కుదిర్చే ఆఫీసు నడిపింది. బాస్టన్ దగ్గరి కాంకర్డ్ ఊళ్లో ఉన్నప్పుడు ఇరుగుపొరుగు మాత్రం సామాన్యులు కారు. తత్వవేత్త, రచయిత ఎమర్సన్ తన పుస్తకాల గది తలుపులు ఆ పిల్లకు తెరిచి పెట్టాడు, ఇంటి అవసరాలకు చాలాసార్లు డబ్బూ సర్దాడు. ప్రకృతి రచయిత థోరో పిల్లల్ని అడవుల్లో తిప్పి చెట్టూ పిట్టా చూపించాడు. భగవద్గీత ఇంగ్లిష్ అనువాదం చేతులు మారుతూ చర్చకొచ్చిన చోటు అది. కర్మఫలాన్ని ఆశించకుండా పనిచేయమన్న మాట తండ్రికి నచ్చి ఉండొచ్చు. కూతురికి మాత్రం నెల తిరిగేసరికి ఫలం చేతిలో పడాలి, కట్టెలవాడు గుమ్మంలో ఉన్నాడు.

1854 ఫిబ్రవరిలో ఒక రాత్రి జరిగింది ఆమె డైరీలో ఉంది. పడమటి రాష్ట్రాల్లో ఉపన్యాసాలిచ్చి తండ్రి చలికి బిగుసుకుపోయి ఇంటికొచ్చాడు. అందరూ లేచి చుట్టూ మూగారు. ఎంత తెచ్చావని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి చిన్న చెల్లెలు మే అడిగేసింది. ఆయన పర్సు తెరిచి ఒక్క డాలరు చూపించాడు. కోటు ఎవరో దొంగిలించారని, శాలువా కొనుక్కోవలసి వచ్చిందని, ఇస్తామన్నవాళ్లు ఇవ్వలేదని, వచ్చే ఏడు బాగుంటుందని చెప్పాడు. తల్లి ముద్దుపెట్టుకుని, చాలా బాగా చేసుకొచ్చావు అంది. ఇదంతా చూస్తున్న ఇరవై ఒకటేళ్ల కూతురు ఆ రాత్రి ఏం నిర్ణయించుకుందో చెప్పక్కర్లేదు. మనవైపు ఇలాంటి ఆడపిల్లను 'ఇంటికి పెద్దకొడుకు' అంటారు. ఆ మాటలో మెప్పుకన్నా బరువే ఎక్కువని మోసినవాళ్లకే తెలుస్తుంది.

ఎ. ఎం. బార్నార్డ్ ఎవరు?

కుట్టుపని, పాఠాలు చెప్పడం, పిల్లల్ని చూసుకోవడం, ఇంటిపని. చదువుకున్న పేద ఆడపిల్లకు ఆ రోజుల్లో ఉన్న దారులన్నీ ఆమె నడిచింది. ఐదోదారి రాత. 1854 చివర్లో మొదటి పుస్తకం 'ఫ్లవర్ ఫేబుల్స్' వచ్చింది. ఎమర్సన్ కూతురు ఎలెన్ కోసం పదహారేళ్లప్పుడు అల్లిన పూలదేవతల కథలవి. ఆమెకు ముట్టింది 32 డాలర్లు. బాస్టన్‌లో పేరున్న ప్రచురణకర్త జేమ్స్ ఫీల్డ్స్‌కు తన డెడమ్ అనుభవం రాసి చూపిస్తే, పాఠాలు చెప్పుకో అమ్మా, నీకు రాయడం రాదు అన్నాడు. చిన్నపిల్లల బడి పెట్టుకోమని 40 డాలర్లు అప్పు కూడా ఇచ్చాడు. ఆ అప్పు ఆమె మర్చిపోలేదు, పేరొచ్చాక తీర్చేసింది.

1862లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, రక్తం పారే, ఉరుములు ఉరిమే కథలు రాయాలనుకుంటున్నానని, రాయడం తేలిక, నీతిబోధల కన్నా డబ్బూ ఎక్కువని చెప్పింది. అన్నట్టే ఆ ఏడాది ఒక సచిత్ర వారపత్రిక పోటీలో 100 డాలర్ల బహుమతి గెలిచింది. ఆ కథ ఆమె పేరు లేకుండానే అచ్చయింది. తర్వాత బాస్టన్ కథల పత్రికలు 'ఎ. ఎం. బార్నార్డ్' అనే మారుపేరుతో ఆమె కథలు వేశాయి. మత్తుమందులు, మారువేషాలు, పగ తీర్చుకునే స్త్రీలు. ఒక్కో కథకు 50 నుంచి 75 డాలర్లు. డెడమ్ లెక్కన చూస్తే ఒక్క కథ విలువ రెండేళ్ల చాకిరీ.

వీటిలో 1866 నాటి 'బిహైండ్ ఎ మాస్క్' గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒక ధనవంతుల ఇంటికి జీన్ మ్యూర్ అనే పంతులమ్మ వస్తుంది. పాలిపోయిన ముఖం, వినయం, పందొమ్మిదేళ్లంటుంది. మొదటిరోజు రాత్రి గదిలో ఒంటరిగా కూర్చుని సవరం విప్పి, పెట్టుడు పళ్లు తీసి, సారా గుటకేస్తుంది. ముప్ఫై ఏళ్లు, విడాకులైన నటి ఆమె. తనను చిన్నచూపు చూసిన ఆ ఇంటి మగవాళ్లను ఒక్కొక్కరినీ వలలో వేసుకుని, చివరికి అందరికన్నా డబ్బూ బిరుదూ ఉన్న పెద్దాయన్ని పెళ్లాడి గెలుస్తుంది. ఆ కాలపు కథల్లో ఇలాంటి స్త్రీ చావాలి, లేదా పశ్చాత్తాపపడాలి. ఈమెకు రెండూ జరగవు. డెడమ్‌లో ఆ బూట్ల దగ్గర మొదలైన కోపం ఇక్కడికొచ్చి తీరిందని నాకనిపిస్తుంది. పనిమనిషి కళ్లతో యజమాని ఇంటిని చూసిన రచయిత్రి తప్ప ఇంకెవరూ ఆ కథ అలా రాయలేరు. 'డబ్బు కోసం రాసిన చెత్త' అని దాన్ని తోసేయడం అందుకే కుదరదు.

మరి సొంత పేరు ఎందుకు పెట్టలేదు? ఒక పరిచయస్తురాలు తర్వాత రాసిన జ్ఞాపకాల ప్రకారం, తన సహజమైన మొగ్గు ఆ రగిలిపోయే శైలి వైపేనని, కానీ ఎమర్సన్‌ లాంటి మనిషిని జీవితమంతా గురువుగా కొలిచినవాళ్లకు మర్యాద ఒక ఇనుప కవచమై ఒంటిని పట్టేస్తుందని లూయిసా ఆమెతో అన్నది. ఆ రహస్యం అర్ధశతాబ్దానికి పైగా నిలిచింది. పాత పుస్తకాల వ్యాపారి, పరిశోధకురాలు లియోనా రోస్టెన్‌బర్గ్ హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీలో కథల పత్రిక యజమాని రాసిన ఉత్తరాలు చూసి మారుపేరు గుట్టు విప్పింది, 1943లో ఆ సంగతి అచ్చులో ప్రకటించింది. ఆమె సహచరి మడలీన్ స్టెర్న్ ఆ కథల్ని 1975లో సంపుటిగా తెచ్చింది. మరీ పొడవుగా, మరీ ఘాటుగా ఉందని 1866లో ప్రచురణకర్త తిప్పిపంపిన నవల ఒకటి ఏకంగా 1995లో వెలుగు చూసింది.

ఇక్కడ ఒక వ్యాపార సూక్ష్మం గుర్తుపెట్టుకోవాలి. కథల పత్రికలది ఏకమొత్తం బేరం. డబ్బిస్తారు, కథ వాళ్లదైపోతుంది. పత్రిక లక్ష అమ్ముడైనా, మళ్లీ మళ్లీ అచ్చేసుకున్నా రచయితకు ఇంకో పైసా రాదు. కాబట్టి అలా రాసేవాళ్లు రాస్తూనే ఉండాలి. చేయి ఆగితే పొయ్యి ఆగుతుంది.

యుద్ధానికి వెళ్లింది ఎవరు?

'లిటిల్ విమెన్'లో తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో మతగురువుగా పనిచేయడానికి వెళతాడు. వాషింగ్టన్ ఆసుపత్రిలో జబ్బుపడతాడు. తల్లి అక్కడికి బయల్దేరితే, దారిఖర్చుకని జో తన జుట్టు 25 డాలర్లకు అమ్మేస్తుంది. నవల చదివిన ఎవరికైనా గుర్తుండిపోయే ఘట్టం.

అసలు జరిగింది తిరగేసి ఉంది. యుద్ధానికి వెళ్లింది కూతురు. ముప్ఫై ఏళ్లు నిండిన వెంటనే, 1862 డిసెంబరులో, వాషింగ్టన్ పక్కన జార్జ్‌టౌన్‌లో హోటల్‌ను ఆసుపత్రిగా మార్చిన చోట నర్సుగా చేరింది. చేరిన కొద్దిరోజులకే ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధంలో దెబ్బతిన్న సైనికులు బళ్ల మీద వచ్చిపడ్డారు. ఆరు వారాల్లోనే ఆమెకు టైఫాయిడ్, నిమోనియా కలిసి వచ్చాయి. అదే ఆసుపత్రి మేట్రన్ హన్నా రోప్స్ ఆ జబ్బుతోనే చనిపోయింది. బిడ్డను తీసుకెళ్లడానికి వాషింగ్టన్ వచ్చింది తండ్రి. జ్వరంలో, వైద్యుల మాట మీద, ఆమె పొడవాటి జుట్టు కత్తిరించేశారు. తన జీవితంలో ఖరీదు లేకుండా పోయిన ఆ జుట్టుకు నవలలో 25 డాలర్ల ఖరీదు కట్టింది. ఇంట్లో సంపాదన లేని తండ్రిని నవలలో దేశసేవకుడిని చేసి దూరంగా పంపింది. ప్రేమించే మనిషిని నొప్పించకుండా కథలోంచి తప్పించడానికి అంతకన్నా మర్యాదైన మార్గం లేదు.

ఆసుపత్రిలో ఆమెకు ఇచ్చిన మందు కాలమెల్, అంటే పాదరసం కలిసిన పదార్థం. అప్పట్లో అదే మామూలు వైద్యం. అంతకుముందు తాను జబ్బెరగనని, ఆ తర్వాత ఆరోగ్యమే ఎరగనని ఆమె తర్వాత రాసుకుంది. చివరిదాకా పాదరసాన్నే తప్పుపట్టింది. 2007లో ఇద్దరు పరిశోధకులు ఆమె లక్షణాలన్నీ బేరీజు వేసి అది లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు) అయి ఉండొచ్చని వాదించారు. ఏదైనా, ఆమె పేరుపొందిన పుస్తకాలన్నీ నొప్పి ఉన్న ఒంటితో రాసినవే. ఆసుపత్రి ఉత్తరాల్ని 1863లో 'హాస్పిటల్ స్కెచెస్'గా అచ్చేస్తే పాఠకులు మొదటిసారి ఆమె సొంత పేరును గుర్తుపట్టారు. కళ్లారా చూసింది తన మాటల్లో, నవ్వూ ఏడుపూ కలిపి చెబితే జనం చదువుతారని ఆమెకు తెలిసిందప్పుడే.

జో పెళ్లి

1867 సెప్టెంబరులో రాబర్ట్స్ బ్రదర్స్ అనే ప్రచురణ సంస్థలో థామస్ నైల్స్ అనే ఆయన ఆడపిల్లల కోసం ఒక పుస్తకం రాయమన్నాడు. ఆమె ప్రయత్నిస్తానంది గానీ మనసు పెట్టలేదు. ఏడాదికి 500 డాలర్లకు ఒక పిల్లల పత్రిక సంపాదకత్వంలో మునిగిపోయింది. నైల్స్ వదల్లేదు. తండ్రి రాసుకున్న తత్వగ్రంథం అచ్చయ్యే మాటా దీంతో ముడిపడి ఉంది. 1868 మేలో మొదలుపెట్టింది. తనకు ఆడపిల్లలంటే పెద్దగా ఇష్టం లేదని, తన అక్కచెల్లెళ్లు తప్ప తెలిసినవాళ్లూ తక్కువని డైరీలో నిజాయితీగా రాసుకుంది. కాబట్టి తెలిసినవాళ్లనే రాసింది. అక్క ఆనా మెగ్ అయింది. 1858లో చనిపోయిన చెల్లెలు ఎలిజబెత్ బెత్ అయింది. చివరి చెల్లెలు మే 'ఎమీ' అయింది. తాను జో. జూన్‌లో పన్నెండు అధ్యాయాలు పంపితే నైల్స్ చప్పగా ఉందన్నాడు. ఆమెకూ అలాగే అనిపించింది. ఆయన ఇంట్లో ఒక చిన్న మేనకోడలికి చదవనిస్తే ఆ పిల్ల వదిలిపెట్టలేదు. జూలై 15కల్లా 402 పేజీలు పూర్తిచేసి పంపేసింది. తండ్రి చేసిచ్చిన, రెండు కిటికీల మధ్య గోడకు బిగించిన అర్ధచంద్రాకారపు చిన్న బల్ల మీద రాసింది. కాంకర్డ్‌లోని ఆర్చర్డ్ హౌస్‌లో అది ఇప్పటికీ ఉంది.

ఇక్కడే ఆమె బతుకు మలుపు తిరిగింది. నైల్స్ ఆమెకు ఏకమొత్తం తీసుకోవద్దని, కాపీరైట్ ఉంచుకుని అమ్ముడైన ప్రతి కాపీ మీద రాయల్టీ తీసుకోమని చెప్పాడు. తన సంస్థకు నష్టమైనా రచయిత్రికి మేలు చేసిన సలహా. చాలా ఏళ్లకు ఆమె పాత డైరీ పేజీ పక్కన, నిజాయితీగల ప్రచురణకర్త, అదృష్టవంతురాలైన రచయిత్రి అని రాసుకుంది. ఇరవై ఏళ్లుగా ముక్కకు ఇంత అని రాసిన చేయి, మొదటిసారి తాను నిద్రపోతున్నప్పుడూ సంపాదించడం మొదలుపెట్టింది.

సెప్టెంబరు ఆఖరున మొదటి భాగం వచ్చింది. మెగ్ నిశ్చితార్థంతో అది ముగుస్తుంది. పుస్తకం వెళ్లిపోయిన వేగం చూసి నైల్స్ రెండో భాగం అడిగాడు. అంతకన్నా ముందే ఆడపిల్లల ఉత్తరాలు గుట్టలు పడ్డాయి. ఎవరు ఎవర్ని పెళ్లాడతారు? జో, పక్కింటి లారీ ఒకటవుతారా? 1868 నవంబరు 1న డైరీలో ఆమె కోపంగా రాసింది: ఆడదాని బతుక్కి పెళ్లే గమ్యమన్నట్టు అడుగుతున్నారు, ఎవరి మెప్పు కోసమూ జోను లారీకిచ్చి చేయను. వారపత్రిక సీరియళ్లు చదివి, నాయికను ఫలానావాడికే ఇవ్వాలని ఉత్తరాలు రాసిన తరం మనకూ ఉంది కాబట్టి ఈ పట్టు మనకు కొత్తేమీ కాదు.

రోజుకొక అధ్యాయం చొప్పున రాసి 1869 జనవరి 1న పంపేసింది. అందులో జో లారీని కాదంటుంది. నడివయసు జర్మన్ ప్రొఫెసర్ బేర్‌ను పెళ్లాడుతుంది. ఆ తర్వాత ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో, నిజానికి జో పెళ్లి కాని రచయిత్రిగానే ఉండిపోవలసిందని, కానీ అంతమంది అమ్మాయిలు పట్టుబడితే కాదనే ధైర్యం లేక, పంతానికి ఒక వింత సంబంధం చేశానని చెప్పింది.

ఇది లొంగుబాటా, తిరుగుబాటా? నూట యాభై ఏళ్లుగా చదువరులు కొట్లాడుకుంటున్న విషయం. నా మట్టుకు ఇది బేరం. బజారుకు పెళ్లి కావాలి, ఇచ్చింది. ఏ పెళ్లి అన్నది మాత్రం తన చేతిలో ఉంచుకుంది. అందగాడు, ధనవంతుడు, పక్కింటి కుర్రాడు లారీని పాఠకుల చేతుల్లోంచి లాగేసి, చిరిగిన గొడుగు కింద తడుస్తున్న పేద పంతులు చేతిలో జోను పెట్టింది. అమ్మకమూ చెడలేదు, తన మాటా పోలేదు. ఆ బేరంలో పోయింది ఒకటుంది, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నవలలో జో పత్రికలకు సంచలన కథలు రాస్తుంటే బేర్ ఆ రకం రాతల్ని అసహ్యించుకుంటాడు, జో సిగ్గుపడి వాటిని పొయ్యిలో పెడుతుంది. లూయిసా వాటిని తగలబెట్టలేదు. ఆ డబ్బుతో బొగ్గు కొంది, తల్లికి వెచ్చని గది ఇచ్చింది. తాను గర్వపడవలసిన సంపాదన గురించి తన పాత్రను సిగ్గుపడేలా చేసింది.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. మనలో ఎక్కువమంది చదివింది 1868 నాటి పుస్తకం కాదు. 1880లో రెండు భాగాలూ కలిపి బొమ్మలతో కొత్తగా అచ్చేసినప్పుడు భాషను సాపు చేశారు. పిల్లలు మాట్లాడుకునే నాటు మాటలు తగ్గిపోయాయి. మొదట లావుపాటి, పెద్ద అందగత్తె కాని మనిషిగా ఉన్న తల్లి పొడుగ్గా, హుందాగా మారింది. జో అంత ఎత్తే ఉన్న లారీ ఆమెను మించి పెరిగాడు. ఇంగ్లండ్‌లోనైతే రెండో భాగం 'గుడ్ వైవ్స్' పేరుతో వేరే పుస్తకంగా నడిచింది, ఆ పేరు ఆమె పెట్టింది కాదు. కాబట్టి 'నీతులెక్కువ, గరుకుదనం లేదు' అని ఆమెను విమర్శించే ముందు ఏ ప్రతి చదివామో చూసుకోవడం న్యాయం.

కాలదోషం పట్టిన బాకీలు కూడా

1869లోనే కుటుంబపు అప్పులు తీర్చేశానని, దేవుడి దయ అని రాసుకుంది. కొన్నేళ్లకు కాలదోషం పట్టిన పాత బాకీలు కూడా, అంటే చట్టప్రకారం కట్టక్కర్లేనివి కూడా, వెతికి మరీ కట్టింది. తండ్రి మాట మీద నమ్మకముంచి ఎప్పుడో డబ్బిచ్చినవాళ్లవి అవి.

ఆ తర్వాత పుస్తకాలు ఎలా పుట్టాయో చూస్తే ప్రతిదాని వెనకా ఇంట్లో ఒక మనిషి ఉంటారు. 1870లో చెల్లెలు మేతో యూరప్‌లో ఉండగా అక్క భర్త జాన్ ప్రాట్ చనిపోయిన కబురొచ్చింది. అక్కకూ ఇద్దరు పిల్లలకూ ఆసరా ఉండాలని రోమ్‌లోనే కూర్చుని 'లిటిల్ మెన్' రాసింది. మే పారిస్‌లో చిత్రకళ నేర్చుకోవడానికి డబ్బు పంపింది. కుడిచేతి బొటనవేలు పట్టేసి పనిచేయకపోతే ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. తండ్రి ఉపన్యాసాలకు ఇప్పుడు జనం వచ్చేవాళ్లు, ఎందుకంటే ఆయన 'లిటిల్ విమెన్' తండ్రి. కూతురి రథంలో తిరుగుతున్నానని ఆయనే సంతోషంగా చెప్పుకున్నాడు. 1877లో రాబర్ట్స్ బ్రదర్స్ రచయిత పేరు లేకుండా వేసిన నవలల వరసలో ఒక చీకటి నవల రాసి, పిల్లలకు నీతి జావ కలిపి పెట్టడంతో విసిగి ఉన్నాను కాబట్టి ఇది రాయడం బాగుందని డైరీలో రాసింది.

విసుగు నిజం. కానీ దాన్ని పట్టుకుని ఆమె పిల్లల పుస్తకాలన్నీ అబద్ధమనడం తప్పు. వంటగదిలో రోజూ విసుక్కునే అమ్మ వండినదాంట్లో ప్రేమ లేదని ఎవరంటారు? 1886లో వచ్చిన చివరి నవల 'జోస్ బాయ్స్'లో జో పేరుమోసిన రచయిత్రి అయి, గుమ్మంలో కాచుకునే అభిమానుల నుంచి దాక్కుంటుంది. ఆ నవల చివర్లో, ఈ ఊరంతా భూకంపం మింగేసి, ఎంత తవ్వినా ఆనవాలు దొరక్కుండా చేస్తే ఎంత బాగుండునోనని అలసిపోయిన కథకురాలు అంటుంది. అని, మళ్లీ ఒక్కొక్క పాత్రకూ ఓపిగ్గా ముగింపు చెబుతుంది.

ఓటు సంగతి కూడా చెప్పాలి. 1879లో మసాచుసెట్స్ రాష్ట్రం స్త్రీలకు పాఠశాల కమిటీల ఎన్నికల్లో ఓటు హక్కిచ్చింది. కాంకర్డ్‌లో మొట్టమొదట పేరు నమోదు చేయించుకుంది ఆమే. 1880 మార్చిలో జరిగిన ఊరి సభలో ఇరవై మంది స్త్రీలు ఓటేశారు. అందుకోసం ఆమె ఇల్లిల్లూ తిరిగింది, కదలనివాళ్ల మీద మండిపడింది.

1879 డిసెంబరులో మే పారిస్‌లో, కాన్పయిన ఏడు వారాలకు చనిపోయింది. పసిబిడ్డను అక్క లూయిసాకు పంపమన్నది ఆమె కోరిక. మరుసటి ఏడు సెప్టెంబరులో ఓడ మీద పిల్ల బాస్టన్ చేరింది. పేరు కూడా లూయిసానే, ముద్దుగా లూలూ. నలభై ఏడేళ్ల వయసులో, పెళ్లి చేసుకోని ఆ మనిషి, బిడ్డను ఎత్తుకుంది.

1887లో, ఆరోగ్యం పూర్తిగా చెడి, రాక్స్‌బరీలో ఒక వైద్యురాలి ఇంట్లో ఉంటూ, ఆమె ఇంకో పని చేసింది. అక్క ఆనా చిన్న కొడుకు జాన్‌ను చట్టబద్ధంగా దత్తత తీసుకుంది. అతనికప్పుడు ఇరవై రెండేళ్లు, కన్నతల్లి బతికే ఉంది. చూడ్డానికి వింతగా ఉన్నా దాని వెనక లెక్క ఉంది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్ 28 ఏళ్లు. దాన్ని ఇంకో 14 ఏళ్లు పొడిగించుకోవచ్చు, కానీ పొడిగించే హక్కు రచయితకు, రచయిత లేకపోతే భార్యకు లేదా పిల్లలకు మాత్రమే. అక్కకు లేదు, అక్క పిల్లలకు లేదు. 'లిటిల్ విమెన్'కు 28 ఏళ్లు నిండేది 1896లో. అప్పటికి తాను ఉండనని ఆమెకు తెలుసు. పిల్లలు లేని రచయిత్రి పోతే ఆ పుస్తకం ఎవరైనా అచ్చేసుకునేదవుతుంది, దాని మీద ఆధారపడ్డ ఇల్లు రోడ్డున పడుతుంది. మన వరసల్లో అక్క కొడుకు ఎలాగూ కొడుకే, ఆమె అతనికి పిన్ని. అమెరికా చట్టానికి ఆ వరస లేదు కాబట్టి కాగితం మీద రాయించుకుంది.

1888 మార్చి 1న మంచం పట్టిన తండ్రిని చూడటానికి వెళ్లింది. నేను పైకి వెళుతున్నాను, నాతో రా అన్నాడట. మార్చి 4న ఆయన పోయాడు. ఆ సంగతి తెలియకుండానే మార్చి 6న ఆమె పోయింది, యాభై ఐదేళ్లకు. లూలూ స్విట్జర్లాండ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాతి ముద్రణల్లో ముఖపత్రం వెనక పేజీ తిప్పితే రెండు వరసలు కనిపిస్తాయి. పైన 1868, 1869, లూయిసా ఎం. ఆల్కాట్. కింద 1896, జాన్ ఎస్. పి. ఆల్కాట్.